ఏ నరం?

ఆర్గన్ ఆగిపోయిన దగ్గర మొదలైంది ఇదంతా.

ఆదివారం చర్చి ఆరాధనలో కీర్తన సగంలో ఉండగా జ్ఞానమణి కుడిపాదం పెడల్ మీది నుంచి జారింది. మళ్ళీ పెట్టబోయింది. పాదం వేలాడిందే తప్ప లేవలేదు. జనం గొంతులు ఆర్గన్ లేకుండానే కొంతదూరం నడిచి, ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆమె చెల్లెలు సుగుణమణి వచ్చి, అక్కను పక్క బల్ల మీద కూర్చోబెట్టి, మిగిలిన కీర్తన తాను వాయించింది.

మర్నాడు జ్ఞానమణి భర్త జయపాల్ అక్కాచెల్లెళ్ళను రిక్షా ఎక్కించాడు. ఆబిడ్స్ సందులోని ఇంటి నుంచి నాంపల్లి సర్కారు దవాఖానలో డాక్టరు రామచంద్రమూర్తి దగ్గరికి తెచ్చాడు. కీళ్ళవాతం జ్ఞానమణికి కొత్త కాదు. వేళ్ళు వంకర్లు పోయి ఏళ్ళయింది. కాలు పడిపోవడం కొత్త. డాక్టరు ఆమె నెత్తురు తీశాడు. పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురు కూడా కావాలన్నాడు. సుగుణమణి నిండు బుగ్గలు చూసి, "ఈ అమ్మాయిది చాలు" అన్నాడు.

గురువారం రమ్మన్నాడు. ముగ్గురూ వచ్చారు.

దవాఖాన వెనక మందుల గోదాము, దాన్ని ఆనుకొని ఒక గది. అదే డాక్టరు పరీక్షలు చేసుకునే చోటు. గాజు సామాను ఉంటుంది కాబట్టి చెప్పులు గుమ్మం బయటే విడవాలి. కిటికీ నాంపల్లి స్టేషను వైపుకు ఉంది. బండి వచ్చినప్పుడల్లా సీసాలు ఒకదాన్నొకటి తాకి చిన్నగా మోగుతాయి. పరీక్ష పెట్టె కదలకుండా దాని కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పరిచి ఉన్నాయి. వాన పొద్దున్నుంచీ పడుతూనే ఉంది.

జయపాల్ స్టేషనులో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. కోటు మీది నీళ్ళు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఎమర్జెన్సీ వచ్చినంక బండ్లు టైముకొస్తున్నయి సారూ. మీ పరీక్ష గూడ టైముకొచ్చిందా?"

డాక్టరు నవ్వలేదు. అతని వేళ్ళు నీలం రంగులో మునిగి తేలినట్టున్నాయి.

"కూర్చోండి."

కుర్చీ ఒకటే ఉంది. జ్ఞానమణి అందులో కూర్చుని, రెండు చేతులతో కుడికాలును ఎత్తి ముందుకు పెట్టుకుంది. సుగుణమణి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది. కొంగు నిండా కప్పుకుని చేతులు లోపల పెట్టుకుంది.

"చలా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"గామెకు చలేంది సారూ" అన్నాడు జయపాల్. "మా ఇంట్ల అన్నమంత గామెకే పోతున్నది. అక్కకేమో బొక్కలు తేలినయి, చెల్లెకేమో బుగ్గలొచ్చినయి. గుడిల అయ్యగారి భార్య గూడ అడిగింది, ఏం తింటున్నవే సుగుణా అని."

"పట్నం నీళ్ళు పడ్డయి దానికి" అంది జ్ఞానమణి. మెదక్ నుంచి వచ్చినప్పుడు చెల్లెలు పుల్లలా ఉండేది. బడిలో పంతులమ్మ ఉద్యోగం దొరికి అక్క ఇంట్లో ఉంటోంది. ఈ వేసవిలోనే ఒళ్ళు చేసింది. ఆ సంగతి తలచుకుంటే జ్ఞానమణికి సంతోషం. తన ఇంట్లో ఎవరో ఒకరు బాగున్నారు.

సుగుణమణి తల దించుకుంది.

డాక్టరు కింద కూర్చుని జ్ఞానమణి పాదానికి చుట్టిన గుడ్డ విప్పాడు. సోమవారం బొటనవేలి కొసన ఆవగింజంత నల్లమచ్చ ఉండింది. ఇప్పుడు వేలి కొస అంతా నలుపే. పక్క వేలు నీలం తిరిగింది. అతను పాదం మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు. గుడ్డ మళ్ళీ చుట్టి లేచాడు.

"ఈరోజే వార్డులో చేరాలి. ఆడవాళ్ళ వార్డులో ఒక్క మంచం దొరికింది. వానలు మొదలైన దగ్గర్నుంచి వరండాలో చాపలు కూడా నిండిపోయాయి. పొద్దున్నే పోయి నిలబడి పట్టుకున్నాను. ఇవాళ చేరకపోతే వేళ్ళు దక్కవు. ఆ తర్వాత పాదం కూడా దక్కదు."

జయపాల్ ముఖంలో నవ్వు పోయింది.

"కాలు తీస్తరా సారూ?"

"తియ్యకుండా ఉండాలనే నా ఆరాటం." డాక్టరు జ్ఞానమణి వైపు తిరిగాడు. "వేసవిలో నేనిచ్చిన తెల్ల మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అమ్మా?"

ఆమె భర్త వైపు చూసింది. జవాబు జయపాల్ చెప్పాడు.

"ఆపేసినం."

"ఏమిటీ?"

"ఆపేసినం సారూ. ఎర్ర సూదులు ఇప్పిస్తున్న. స్టేషను ముంగట లాడ్జిల నెలకోపారి ఒకాయన దిగుతడు. పెద్ద బోర్డు ఉన్నది. నరాల వైద్యుడు. తెల్ల మాత్రలు నరాలను తింటయి, ఆపుమన్నడు."

"ఆపమన్నాడా! ఎవడో లాడ్జీలో దిగేవాడు ఆపమంటే ఆపేశారా? అవి ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తెలుసా మీకు? ఈ కాలు ఇవాళ ఇట్లా ఉందంటే దానికి కారణమెవరు?"

"మీరు."

జయపాల్ అరవలేదు. నిలబడ్డ చోటి నుంచే అన్నాడు.

"నేనా?"

"ఔ, మీరే. గీ గదిలనే, గీడనే నిలబడి చెప్పిన్రు." జయపాల్ గొంతు మార్చి డాక్టరులాగానే అన్నాడు. "జయపాల్ గారూ, మీ ఆవిడకి నరాలు పాడవుతున్నాయండీ. చెప్పిన్రా లేదా?"

డాక్టరు నీలం వేళ్ళను గుడ్డకు తుడుచుకున్నాడు.

"నరాలు పాడైనయంటే నరాల డాక్టరు దగ్గరికి గాక పండ్ల డాక్టరు దగ్గరికి పోతరా సారూ? ఏం తప్పు చేసిన నేను? ఆఫీసుల సెలవు పెట్టి తీస్కపోయిన. లైన్ల నిలవడ్డ. సూది మీద సూది ఇప్పించిన. నా ఇంటామెకు నరాలు పాడైతున్నయని మీరే అంటిరి, గిప్పుడు మీరే…"

"మీరు జర ఊకోండ్రి" అంది జ్ఞానమణి.

"నేనెందుకు ఊకోవాలె?"

"నేను నరాలన్నది నెత్తురు పారే నరాలను" అన్నాడు డాక్టరు.

"మరి వేరే నరాలేమున్నయి?"

"ఉన్నాయి. మీరు తీసుకెళ్ళింది వాటికే. ఆ లాడ్జీ ఆయన చూసేది వేరే నరాలను. వేలు కాలితే సుర్రుమని తెలియజేస్తాయే, కాలు లేపమంటే లేపుతాయే, అవి."

"నరానికీ నరానికీ తేడా ఏంది సారూ? నరమంటే నరమే గదా."

స్టేషనులోకి బండి వచ్చింది. సీసాలు మోగాయి. ఆ మోత ఆగేదాకా జయపాల్ నేల వైపే చూస్తూ ఉన్నాడు. అతని పెదవులు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కదిలాయి.

"సోమవారం ఈమె చేతికి సూది గుచ్చుతుంటే మీరు ఒక మాటన్నరు" అన్నాడు మెల్లగా. "నరం దొరకట్లేదమ్మా, పిడికిలి బిగించండి అన్నరు."

"ఔను."

"గదేనా? గా నరమేనా?"

"అదే."

జయపాల్ గోడకు ఆనుకున్నాడు. కోటు తడి గోడ మీద మరక చేసింది.

డాక్టరు అన్నాడు. "మనవాళ్ళు రెంటికీ ఒక్కటే మాట పెట్టారు. పుస్తకాల్లో నెత్తురుదానికి రక్తనాళం అనీ, రెండోదానికి నాడి అనీ వేరు వేరుగా ఉన్నాయి. ఆ మాటలు మీకు తెలియవేమోనని, తెలిసిన మాట చెప్పాననుకున్నాను. మీరు ఏ నరం అని విన్నారో నేను అడగలేదు. అడగాల్సింది."

"నేను గూడ అడగలే" అన్నాడు జయపాల్.

జ్ఞానమణి ఇద్దరినీ చూసింది. "మీ ఇద్దరి పంచాయితీ తర్వాత పెట్టుకోండ్రి. నా కాలు ఏ నరంతోని పడ్డది? గది చెప్పుండ్రి సారూ."

డాక్టరు బల్ల మీది నుంచి ఒక గాజు పలక తీశాడు. పలక మీద పల్చటి పొర ఎండి అంటుకుని ఉంది. దాని మీద నీలం రంగులో ఏవో మొనలు లేచి ఉన్నాయి. దీపావళి తారాజువ్వ పైకి లేస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. అతను పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. బొటనవేలు ఒక పక్కన అడ్డంగా ఉంది.

"ఇది మిఠాయిలు గడ్డకట్టడానికి వేసే చైనా గడ్డి లాంటి దానితో చేసిన పొర."

"నేనింకేమో ఫిర్నీ అనుకున్న" అన్నాడు జయపాల్. నవ్వించాలని కాదు. నోటికి అలవాటు.

"ఆరకముందు చూస్తే అలాగే ఉంటుంది. దీంట్లో ఒక అంచున మీ నెత్తురు మీది తేట పోసి, కరెంటు పెడతాం. మేం వెతికే పదార్థం ఎంత ఎక్కువుంటే మొన అంత ఎత్తు లేస్తుంది. నరాలకు, నెత్తురు పారే నరాలకు, లోపల పల్చని లైనింగు ఉంటుంది."

"అస్తరు" అన్నాడు జయపాల్.

"అంటే?"

జయపాల్ తడి కోటు అంచు మడిచి లోపలి గుడ్డ చూపించాడు. అక్కడక్కడ చిరిగి ఉంది. "గిదే అస్తరు. దర్జీలను అడుగుండ్రి."

"ఆ. అస్తరు. అది చిరిగితే లోపలి దూది బయటికి వస్తుంది కదా. ఆ దూదిలాంటిదే నెత్తురులో కనబడుతుంది. కోటు విప్పకుండానే అస్తరు ఎంత చిరిగిందో చెప్పొచ్చు. ఈ కీళ్ళవాతం చాలా ఏళ్ళు ఉంటే, కొందరికి కీళ్ళతో ఆగదమ్మా. నరాల అస్తరును పట్టుకుంటుంది. వాపు వచ్చి నరం మూసుకుపోతుంది. మీ కాలును లేపే నరం ఒకటుంది. దానికి నెత్తురు పంపే సన్నటి నరం ఇంకొకటుంది. ఇది మూసుకుపోయింది. దాంతో అది ఎండిపోయింది."

"అంటే లాడ్జిలాయన చూసిన నరం గూడ పాడైంది."

"పాడైంది. దానికి తిండి లేక పాడైంది. అతను నరాల బలానికి ఎర్ర సూదులిచ్చాడు. కావలసింది వాపు తగ్గించే తెల్ల మాత్ర."

జ్ఞానమణి తల ఊపింది. ఆమె ముఖంలో కోపం లేదు. విషయం అర్థమైన మనిషి ముఖం అది.

"నాది ఏది గిండ్ల?"

"ఈ పొట్టిది నాది. ఎట్లా ఉండాలో తెలియడానికి పెట్టుకున్నాను. ఈ పొడుగుది మీది."

డాక్టరు మొన పలక మధ్యకైనా రాలేదు. జ్ఞానమణిది పై అంచు దాకా పోయింది.

"గా బొటనేలు కింద ఏమున్నది?" అన్నాడు జయపాల్.

"ఉండండి. ముందు చేయాల్సింది చూద్దాం." డాక్టరు పలక దించలేదు, వేలూ తియ్యలేదు. "వార్డులో మందులిచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అందాకా ఆగొద్దు. ఇక్కడి గోదాములో అయిపోయాయి. తెల్ల మాత్రలు ఇంట్లో ఉన్నాయా, పారేశారా?"

"పారెయ్యలే. సర్కారు మందు పారేస్తే పాపం. అల్మారల బైబిలు పక్కన బిస్కెట్ డబ్బాల పెట్టిన. ఆపుమన్ననాటి నుంచి మూత గూడ తియ్యలే." జయపాల్ అప్పటికే గుమ్మం వైపు నడుస్తున్నాడు. "గిట్ల పోయి గట్ల వస్త."

"పోవద్దు బావా."

సుగుణమణి స్టూలు మీద నుంచి లేవలేదు. చేతులు కొంగు లోపలే ఉన్నాయి.

"ఏంది సుగుణా?"

"పోవద్దు. డబ్బాల ఏం లేవు."

"ఏం లేకపోవుడేంది? ఎలుకలు తిన్నయా?"

ఆమె కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది. డాక్టరు ఆమె ముఖం వైపు చూశాడు. ఆ నిండు బుగ్గల వైపు, గుండ్రటి గడ్డం వైపు చూశాడు. సోమవారం చూసిన ముఖమే. అప్పుడు ఆరోగ్యం అనుకున్నాడు. అతను పలక మీది నుంచి బొటనవేలు మెల్లగా తీశాడు.

అక్కడ మూడో మొన ఉంది, సుగుణమణిది. జ్ఞానమణిదానికి వెంట్రుకవాసి తక్కువ.

"మొదటిసారి మధ్యలో కరెంటు పోయింది. అందుకే తప్పొచ్చిందనుకున్నాను" అన్నాడు. "సీసాలు తారుమారయ్యాయేమోనని నాది కూడా పెట్టి మళ్ళీ చేశాను. మళ్ళీ ఇదే వచ్చింది. చేతులు చూపించమ్మా."

సుగుణమణి కదలలేదు.

జ్ఞానమణి కుర్చీలోంచి ముందుకు వంగి, తన వంకర వేళ్ళతో చెల్లెలి కొంగు పట్టి లాగింది. చెయ్యి బయటికి తీసింది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. గోళ్ళ అంచుల్లో సన్నటి నల్లచుక్కలు. జ్ఞానమణికి ఆ చుక్కలు బాగా తెలుసు. తనకు మొదట వచ్చినవి అవే.

"ఎన్నాళ్ళ నుంచే?"

"చలికాలం నుంచి."

"చెప్పకపోతివి!"

"ఏమని చెప్పాలె అక్కా? పొద్దుగాల లేస్తే సుద్దముక్క పట్టరాకపోయేది. నువ్వు మాత్రలు ఆపినవు. ఊకనే ఉన్నయి. ఒకటేసుకున్న. నొప్పి పోయింది. మల్లొకటేసుకున్న." ఆమె అక్క వంకర వేళ్ళ వైపు చూసింది. "ఇంట్ల ఒకరు పండుకుంటే ఒకరు చేస్తరు. ఇద్దరం పండుకుంటే బావ ఏం గావాలె? ఆర్గన్ ఎవరు వాయించాలె?"

జ్ఞానమణి ఆ చెయ్యి వదల్లేదు. "నీ బుగ్గలు చూసి మురిసిన గదనే" అంది. "దేవుడు నా బలమంత నీకిచ్చిండనుకున్న."

"ఆ బుగ్గలు మాత్రల వల్ల వచ్చిన ఉబ్బమ్మా" అన్నాడు డాక్టరు. "నొప్పి అణిగింది. జబ్బు అణగలేదు. అమ్మాయ్, మాత్రలు ఎప్పుడైపోయాయి?"

"ఆర్గన్ ఆగిన నాడు. పొద్దుగాల ఆఖరిదేసుకున్న."

డాక్టరు పలకను బల్ల మీద పెట్టేశాడు. గాజు టక్కుమంది.

"అప్పట్నుంచి ఒక్కటీ లేదా? కళ్ళు తిరగడం, వాంతులు ఏమైనా…"

"లేదు సారూ."

"అబద్ధం" అంది జ్ఞానమణి. "నిన్న కక్కింది. పొద్దుగాల గూడ కక్కింది. చాయ పడలేదన్నది."

డాక్టరు సుగుణమణి మణికట్టు పట్టుకుని చూశాడు. రక్తపోటు పట్టీ చుట్టి చూశాడు. విప్పి మళ్ళీ చుట్టి చూశాడు. ఆమెను స్టూలు మీదే గోడకు ఆనించి కూర్చోబెట్టి, జయపాల్‌ను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"ఈ అమ్మాయికి వెంటనే సెలైను ఎక్కించాలి. రాత్రంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. వార్డులో చేరాలి."

"చేర్పిస్త. ఇద్దరినీ చేర్పిస్త."

"మంచం ఒకటే ఉందని చెప్పాను."

"చాప ఏస్త. నా కోటు పరుస్త."

"చాపకు కూడా జాగా లేదు జయపాల్ గారూ. ఒకరినే తీసుకుంటామని వార్డు సిస్టరు ఖచ్చితంగా చెప్పింది. ఇంకో మంచం ఆదివారం ఖాళీ కావచ్చు. ఆదివారం దాకా… కొంచెం ఇబ్బంది కావచ్చు."

"సారూ." జయపాల్ రెండు చేతులూ కిటికీ కమ్మీల మీద పెట్టాడు. "ఒకపారి మీరు చెప్పిన మాట నేను ఉల్టా విన్న. గీసారి విడమర్చి చెప్పుండ్రి. ఒక మాటకు రెండు అర్థాలు ఉండొద్దు. ఇబ్బంది అంటే ఏంది?"

డాక్టరు అతని వైపే చూస్తూ చెప్పాడు.

"మీ ఆవిడకు మంచం ఇవ్వకపోతే, ఆదివారానికి వేళ్ళు పోతాయి. పాదం పోవచ్చు. మోకాలి కింద తీసెయ్యాల్సి రావచ్చు. అమ్మాయికి ఇవ్వకపోతే, మాత్ర ఒక్కసారిగా ఆగినందుకు నెత్తురు ఒత్తిడి పడిపోయి, పడుకున్న మనిషి లేవకపోవచ్చు."

"లేవకపోవుడంటే?"

"చచ్చిపోవచ్చు. ఇవాళే కావచ్చు."

అతను గొంతు తగ్గించాననుకున్నాడు. గది చిన్నది, అక్కాచెల్లెళ్ళిద్దరికీ వినబడింది. అప్పుడు స్టేషనులో బండి కూడా లేదు.

"సుగుణకు రాయుండ్రి సారూ" అంది జ్ఞానమణి వెనక నుంచి.

"నువ్వాగు" అన్నాడు జయపాల్. తిరిగి చూడలేదు. "నువ్వు జెప్పొద్దు. మాత్రలు ఆపింది నేను. నేను జెప్పాలె."

అతను వచ్చి భార్య ముందు కింద కూర్చున్నాడు. గుడ్డ చుట్టిన పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చల్లగా ఉంది. పెళ్ళికి ముందు గుడిలో వెనక బల్ల మీద కూర్చుని అతను చూసింది ఈ పాదాలనే. ముఖం చూడాలంటే ధైర్యం చాలక, పెడల్ మీద ఆడే పాదాలను చూస్తూ కూర్చునేవాడు. జ్ఞానమణికి అది తెలుసు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది.

"రెండు కాళ్ళతోని తొక్కేది ఒక కాలుతోని తొక్కుత" అంది. "గాలి కొంచెం తక్కువొస్తది. జనం గట్టిగ పాడుతరు. ఏమైతది?"

జయపాల్ పాదానికి గుడ్డ విప్పి, మళ్ళీ మెల్లగా చుట్టాడు. తల ఎత్తి, డాక్టరు వైపు చూశాడు.

"సుగుణమణి" అన్నాడు. "సుగుణమణి పేరు రాయుండ్రి."

చెప్పి, ఆ మాట ఆమెకే చెప్పాలని గుమ్మం వైపు తిరిగాడు.

స్టూలు ఖాళీగా ఉంది. తలుపు సగం తెరుచుకుని వాన లోపలికి కొడుతోంది. గుమ్మం బయట నాలుగు జతల చెప్పులు ఉన్నాయి. సుగుణమణివి కూడా అక్కడే ఉన్నాయి. బురదలో ఒట్టి పాదాల గుర్తులు స్టేషను వైపు పోతున్నాయి.

"సుగుణా!"

జయపాల్ వానలోకి పరుగెత్తాడు. డాక్టరు అతని వెనకే పరుగెత్తాడు. స్టేషను వైపు నుంచి బండి కూత వినిపించింది. బల్ల మీద సీసాలు మోగడం మొదలుపెట్టాయి.

జ్ఞానమణి కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

కాలు లేవలేదు.